పెరటి చిత్తడిలో గోగుపూలు

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి, ఏటేటా ఇచ్చుకోవలసిన జీవన ప్రమాణ పత్రం గురించి మాట్లాడుకుంటాం. అవి అవసరమే, కాదనను. అయితే ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి "మీ పెరట్లో ఏదో పూలచెట్టు వరదనీళ్ళలో కూడా నిలబడిందటగదా, దాని గురించి పావుగంట చెప్పండి" అన్నారు. నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పయ్యేళ్ళకు పైగా లెక్కల పుస్తకాలతో కాపురం చేసిన గుమాస్తాను. నేను చూసింది, అడిగి తెలుసుకున్నది, చదివి సరిచూసుకున్నది మాత్రమే మనవి చేస్తాను.

మనలో చాలామందికి ఎనుమాముల అంటే వ్యవసాయ మార్కెట్టే గుర్తుకు వస్తుంది. మిర్చి కాలంలో ఆ దారిన పోతే ముక్కుకు దస్తీ కట్టుకోవలసిందే. పత్తి కాలంలో తెల్లవారకముందే బండ్ల బారు రోడ్డుమీదికి వస్తుంది. హమాలీల కేకలు, దడ్వాయిల కాంటాలు, గోనె బస్తాల దొంతరలు - అదే నా ఉద్యోగ జీవితం. పదవీ విరమణ చేసిన తరువాత ఆ మార్కెట్టుకు దగ్గరలోనే ఇల్లు కట్టుకున్నాను. అలవాటైన వాసన దూరం చేసుకోవడం ఇష్టం లేకపోయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను ఇల్లు కట్టిన జాగా ఒకప్పుడు వరిమడి. వానాకాలంలో మోకాలి లోతు నీరు నిలిచేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కొన్నాను, ధర తక్కువ గనుక. నలభై ట్రాక్టర్ల మొరం పోయించి ఇంటి మేరకు ఎత్తు చేయించాను. పెరడు మాత్రం పల్లంగానే మిగిలింది. చుట్టుపక్కల వారందరూ అదే పని చేశారు. ఒకరికంటె ఒకరం ఎత్తుగా పోయించుకున్నాం. కాకతీయుల కాలంనుంచి మన ఓరుగల్లు ప్రాంతం గొలుసుకట్టు చెరువులకు పేరుపొందింది. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. ఆ నడుమ దారిలో నావంటివాళ్ళం ఇళ్ళు కట్టుకున్నాం. ఆ తరువాత నీళ్ళు మా ఇంట్లోకి వచ్చాయని పదిమందితో చెప్పుకున్నాం.

2020 ఆగస్టులో వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగిన సంగతి మీకందరికీ జ్ఞాపకమే. మళ్ళీ 2023 జూలై చివరి వారంలో అంతకంటె పెద్ద వాన పడింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసి రాష్ట్రంలో రికార్డు అయింది. ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. మా పెరట్లో ఆరు రోజులు నీరు నిలిచింది.

మా ఇంటావిడకు ఆ పెరడే ప్రాణం. ఎనిమిది మందారం చెట్లు ఉండేవి. ఎర్రవి, ముద్దవి, తెల్లవి. అందులో ఒకటి మా పెద్దమ్మాయి పెళ్ళినాడు నాటినది. నీరు తీసిన తరువాత ఆకులు పసుపెక్కి, వారంలో రాలిపోయాయి. ఒక చెట్టు పీకి చూస్తే వేళ్ళు నల్లబడి, వేలితో నొక్కితే తొక్క ఊడి వచ్చింది. గులాబీలు అంతకుముందే పోయాయి. ఆవిడ ఏమీ అనలేదు. పూజకు పూలు బజారునుంచి తెప్పించడం మొదలుపెట్టింది. పెరటి తలుపు గడియ పెట్టింది. పదిహేను రోజుల తరువాత "ఇక ఆ పెరడు నాకు వద్దు, సిమెంటు వేయించండి. కనీసం బురదన్నా ఉండదు" అన్నది. మేస్త్రీని పిలిచి కొలతలు తీయించాను. లెక్క కూడా వేసి ఇచ్చాడు.

కొలతలు తీస్తున్నప్పుడే గోడమూల ఒక మొక్క కనిపించింది. నడుమెత్తు ఉన్నది. ఆకు ఐదు వేళ్ళుగా చీలి ఉంది. చుట్టూ అన్నీ కుళ్ళిపోయి ఉంటే అదొక్కటి పచ్చగా నిలబడింది. దాని మొదట్లో, నీరు నిలిచినంత మేర, కాండం ఉబ్బి తెల్లగా బెండులా అయింది. ఆ ఉబ్బులోంచి కొత్త వేళ్ళు గుత్తులుగా దిగినాయి. మా వీధిలో ఆకుకూరలు అమ్మే ముసలమ్మను పిలిచి చూపించాను. ఆమె చూడగానే నవ్వింది.

"గిది పుంటికూర జాతే సారూ. నారగోగు. నీళ్ళల్ల నిల్సినా సావది. మా చిన్నప్పుడు చేనుగట్ల పొంట పెడుతుండె" అన్నది.

ముప్పయ్యేళ్ళు గోనె బస్తాల లెక్క రాసినవాణ్ణి, గోగునార అన్న మాట ఎన్నిమార్లు విన్నానో. ఆ చెట్టు ఇదేనని ఆనాటిదాకా నాకు తెలియదు. సిగ్గనిపించింది. మేస్త్రీని "వచ్చే ఏడు చూద్దాం" అని పంపించాను. ఆవిడ నావంక చూసి ఊరుకున్నది.

అక్కణ్ణుంచి నా చదువు మొదలైంది. తెలుసుకున్నవి కొన్ని మీ ముందు ఉంచుతాను.

మందారం, గోగు ఒకే ప్రజాతికి చెందినవి. దాన్ని శాస్త్రజ్ఞులు హైబిస్కస్ అంటారు. మందారం పేరు హైబిస్కస్ రోజా-సైనెన్సిస్. చైనా గులాబి అని దాని అర్థం. గోగు పేరు హైబిస్కస్ కన్నాబినస్, అంటే గంజాయి మొక్కవంటిది అనుకోవచ్చు. పచ్చడికి పేరుపడ్డ పుల్లటి ఎర్ర గోంగూర హైబిస్కస్ సబ్దారిఫా. ఈ రెంటినీ కలగాపులగంగా గోంగూర, పుంటికూర అంటూ ఉంటాం. కాయ దశలో తేడా సులభంగా తెలుస్తుంది. ఎర్ర గోంగూర పూవు రాలిన తరువాత దాని రక్షకపత్రాలు ఎర్రగా, కండపట్టి, పుల్లగా అవుతాయి. వాటితో పచ్చడి, షర్బతు చేస్తారు. నారగోగుకు అలా కండపట్టవు. కాయమీద సన్నని నూగు ఉండి చేతికి గుచ్చుకుంటుంది. ఆకులు మాత్రం రెంటివీ వండుకోవచ్చు.

ఇక బెండకాయను కూడా 1753లో లిన్నేయస్ హైబిస్కస్ అనే పేరుతోనే నమోదు చేశాడు. తరువాతి వారు దాన్ని వేరు చేశారు. గంగరావి కూడా మొదట ఆ పేరుతోనే ఉండేది. పత్తి వీటికి దగ్గర చుట్టం. అందరిదీ మాల్వేసీ కుటుంబం. ఆ విధంగా చూస్తే ఎనుమాముల మార్కెట్టుకు వచ్చే పత్తీ, మిర్చిని మోసే గోనెకు కలిసే గోగునారా, మా ఇంటావిడ దేవుడికి పెట్టే మందారమూ ఒకే ఇంటి పిల్లలు.

గోగును తక్కువగా చూడకండి. విదేశీ వర్తకులు ఒకప్పుడు దీని నారను "భీమ్లీపట్నం జనపనార" అని పిలిచేవారు. మన భీమునిపట్నం రేవునుంచి ఓడలకెక్కింది గనుక ఆ పేరు వచ్చింది. దీనికి "దక్కను హెంప్" అన్న పేరు కూడా ఉంది. అంటే రెండు పేర్లూ మనవే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ముఖ్యమైన నారపంటగా ఉండేది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం దీనిపై పనిచేసి మంచి రకాలు విడుదల చేసింది. కోసిన కట్టలను చెరువులోనో కుంటలోనో రెండు మూడు వారాలు ఊరవేస్తారు. నీటిలోని సూక్ష్మజీవులు బెరడును మెత్తబరచిన తరువాత నార ఒలిచి, కడిగి ఆరబెడతారు. జనపనారతో కలిపి గోనె సంచులు నేస్తారు. ఆహారధాన్యాలు, చక్కెర వంటివాటికి జనపనార సంచులు వాడాలని 1987లో కేంద్ర ప్రభుత్వం చట్టమే చేసింది. ప్లాస్టిక్కు సంచులు వచ్చి, నీళ్ళు తగ్గి, కూలి పెరిగి సాగు బాగా తగ్గిపోయింది.

ఇది అచ్చంగా మన దేశంలో పుట్టిన మొక్కేనా అని మిత్రులొకరు అడిగారు. నిజం చెప్పాలి. దీని పుట్టిల్లు ఆఫ్రికా అని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కాని ఎన్నో తరాలుగా మన చేనుగట్టుమీద, మన వంటింట్లో, మన జానపద పాటల్లో ఉంటూ వచ్చింది. పుట్టు దేశీయం కావాలి అనేవారికి కస్తూరి బెండ ఉంది. వాగుల ఒడ్డున, తడినేలల్లో పెరుగుతుంది. పెద్ద పసుపుపచ్చ పూవు, నడుమ ముదురు ఎరుపు. గింజకు కస్తూరి వాసన ఉంటుంది. సుగంధ ద్రవ్యాలలో వాడతారు. దాన్ని కూడా లిన్నేయస్ మొదట హైబిస్కస్ కిందే చేర్చాడు. దొరికితే తప్పక పెట్టుకోండి. నాకు దొరికింది గోగు, దాని గురించే చెబుతాను.

గోగుపూవు మందారానికి ఏమాత్రం తీసిపోదు. అరచేయంత వెడల్పు, ఐదు రేకులు, వెన్నరంగు. నడుమ మెరూన్ రంగు కన్ను. తెల్లవారేసరికి విచ్చుకుంటుంది. మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఒక పూవు ఒక్కపూటే, కాని కాండం పొడవునా కిందినుంచి పైకి రోజూ కొన్ని పూస్తూ నెలకు పైగా సాగుతుంది. ఇంకొక విశేషం. దీన్ని మే నెలలో వేసినా, జూలైలో వేసినా పగటిపొద్దు తగ్గితేగాని పూయదు. అందుకని బతుకమ్మ పండుగ దాటి దీపావళి, కార్తీకమాసం వచ్చేసరికి నిండుగా పూస్తుంది. అప్పటికి మిగతా పూలు తగ్గుముఖం పడతాయి.

2024 జూన్‌లో ఆ ముసలమ్మ తెచ్చిన గింజలు పెరటి పల్లంలో నాలుగు వరుసలు వేశాను. అక్టోబరు చివర ఒకరోజు ఉదయం పెరటి గడియ తీసిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే మా ఆవిడ పూలబుట్టతో నిలబడి ఉన్నది. "పద్దెనిమిది పూసినాయి" అన్నది. ఆ మాట తప్ప ఇంకేమీ అనలేదు. బజారు పూలు ఆరోజునుంచి ఆగిపోయాయి.

అసలు పరీక్ష 2025లో వచ్చింది. అక్టోబరు చివర మొంథా తుపాను వాన మీకు చెప్పనక్కరలేదు. మా వీధి మళ్ళీ మునిగింది. మా వంటింట్లోకి జానెడు నీళ్ళు వచ్చాయి. బియ్యం డబ్బా, మందుల పెట్టె, పెన్షను కాగితాలు అటకమీదికి చేర్చి రాత్రంతా మంచంమీద కూర్చున్నాం. గోగు అడ్డుపడి వరదను ఆపిందని నేను చెబితే అది అబద్ధం. ఆపలేదు. నాలుగు వరుసల మొక్కలు ఒక ఊరి నీటిని ఆపలేవు. తెల్లవారిన తరువాత కిటికీ తెరిచి చూశాం. పెరట్లో నడుములోతు ఎర్రనీళ్ళు. ఆ నీళ్ళమీద, మనిషికంటె ఎత్తున, గోగులు పూచి ఉన్నాయి. కొన్ని వాలిపోయాయి. లెక్కపెడితే నలభైకి పద్నాలుగు పడ్డాయి. మిగిలినవి నీరు తీసేదాకా నిలబడి, తరువాత మరో మూడు వారాలు పూచాయి. మా ఆవిడ నీళ్ళు పోయేదాకా ఆ కిటికీ మూయనివ్వలేదు.

ఎలా నిలబడ్డాయని అడిగితే దాని కిటుకు ఇది. నీరు నిలిచిన నేలలో గాలి ఉండదు. వేళ్ళకు ఊపిరి ఆడక కుళ్ళుతాయి. మందారానికి జరిగింది అదే. గోగు మొదట్లో బెండులాంటి కణజాలం ఏర్పడి, దాని సందులగుండా పైనున్న గాలి కిందికి దిగుతుంది. నీటిమట్టం దగ్గర కొత్త వేళ్ళు పుట్టి పాతవాటి పని అందుకుంటాయి. ఎర్ర గోంగూరకు ఈ శక్తి తక్కువ. అది ఎండకు ఓర్చుకుంటుంది, నారగోగు నీటికి ఓర్చుకుంటుంది. కాని ఇది కూడా లేతప్రాయంలో నీరు నిలిస్తే చనిపోతుంది. పెద్దవానలు పడేలోపల కనీసం మోకాలెత్తు పెరగాలి.

ఆ మధ్య మా చిన్నమ్మాయి దగ్గరికి మేరీలాండ్ వెళ్ళినప్పుడు ఒక వింత చూశాను. ఇళ్ళముందు వానతోటలని చేస్తారు. పైకప్పునుంచి, రోడ్డునుంచి వచ్చే నీరు ఒక నిస్సార గుంతలోకి మళ్ళేలా చేసి, తడిని ఓర్చే మొక్కలు పెడతారు. ఆ రాష్ట్రంలోనే 1990లో ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో ఈ పద్ధతి మొదలైందట. అక్కడి చిత్తడినేలల మందారం, అరచేతులు రెండూ కలిపినంత పూలు. మా అమ్మాయి "నాన్నా, ఇవి ఇక్కడి దేశవాళీ మొక్కలు, అందుకే బతుకుతాయి" అని చెప్పింది. మన చేనుగట్టు మొక్కకు ఆ పని చేయగల శక్తి ఉందని అప్పటికి నాకు తెలియదు. ఇంటికి తిరిగి వచ్చి అదే పద్ధతి గోగుతో చేశాను.

పెట్టుకోదలచిన వారికి కొన్ని సూచనలు.

ఒకటి, గుంత ఇంటి పునాదికి పది అడుగుల దూరంలో ఉండాలి. జానెడు లోతు చాలు. మనది రేగడి అయితే నీరు నెమ్మదిగా ఇంకుతుంది గనుక ఇసుక, పశువుల ఎరువు కలపండి. మామూలు వాన నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోవాలి. వారం పైన నిలిస్తే దోమలు పెరుగుతాయి, డెంగీ భయం. నిండిన నీరు మురుగుకాల్వకు పోయేలా అలుగు వంటిది వదలండి. మన పెద్దలు చెరువుకు పెట్టినదే, మనం జానెడు గుంతకు పెట్టుకుంటాం.

రెండు, గింజలు తొలకరికే, జూన్ మొదట్లోనే వేయాలి. మూరెడుకొక మొక్క ఉంచి మిగతావి కూరకు తీసుకోండి. పుంటికూర పప్పుకు కొరత ఉండదు. ఎనిమిది అడుగులు దాటి పెరుగుతుంది గనుక రెండు వెదురు కర్రలు పాతి నడుమన తాడు కట్టండి.

మూడు, కాండంమీద సన్నని ముళ్ళు, కాయలమీద నూగు ఉంటాయి. చేతికి గుడ్డ చుట్టుకోండి, మనవళ్ళను దూరంగా ఉంచండి. పత్తికి, బెండకు పట్టే పిండినల్లి దీనికీ పడుతుంది. ఎక్కువైతే ఆ మొక్క పీకి దూరంగా కాల్చాలి. పక్కన పత్తిచేలు ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. గింజ ముదిరిన తరువాత మోళ్ళు ఉంచవద్దు. ఏడాది మొక్క గనుక గింజ దాచుకుంటేనే మరుసటి ఏడు పూవు.

ఇక చివరి మాట. మేస్త్రీ వేసిన లెక్క కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది. ఆనాడు సిమెంటు వేయించి ఉంటే మా పెరటి నీళ్ళన్నీ గోడ దాటి పక్క ఇంటికి పోయేవి. వారూ వేయించుకుంటే ఆ పక్కకు. మా వీధిలో అలా జరుగుతూనే ఉంది. చివర పల్లంలో ఉన్న ఇల్లు ఒక హమాలీది. ప్రతిసారీ ముందు మునిగేది అదే, చివరికి తేలేది అదే. మార్కెట్టులో బస్తాలు మోసి వీపు వంగిన మనిషి. అతని చేత సంతకాలు పెట్టించుకున్న లెక్కలు నావే. నేను పోయించిన నలభై ట్రాక్టర్ల మొరం నీరు కూడా అతని గడపకే చేరిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

అందుకని పోయిన ఎండాకాలం మా వాకిట్లో బండ్లకని పరిపించిన బండలు సగం లేపించాను. అక్కడ రెండో గుంత తవ్వించాను. చూసినవారు కొందరు నవ్వారు. సగం జాగా నీటికి వదిలితే కొంత నీరన్నా మా దగ్గర ఆగుతుంది. ఆ కొంత ఎంతో నేను కొలవలేదు. వీధిలో పదిమంది చేస్తే ఆ చివరి ఇంటికి తేడా తెలుస్తుందని నా నమ్మకం. నాలాల పూడిక తీయాలని, నీటిదారులు తెరవాలని అధికారులను అడిగే పని మన సంఘం మానకూడదు. ఆ అర్జీమీద నేనే మొదటి సంతకం పెడతాను. కాని మనం మూసిన దారిలో మన వంతు మనం తెరచి అడిగితే ఆ అర్జీకి బరువు ఉంటుంది.

ద్వారం దగ్గర బల్లమీద కాగితపు పొట్లాలు పెట్టాను. ఒక్కొక్కదానిలో ముప్పై గోగు గింజలు ఉన్నాయి. వాటిని ఒలిచి, ఎండబెట్టి, పొట్లాలు కట్టింది మా ఇంటావిడ. పెరడు ఉన్నవారు ఒకటి, పక్కింటివారికోసం మరొకటి తీసుకోండి. కార్తీకంలో పూలు పూసినప్పుడు ఎన్ని పూశాయో మాకు కబురు చేయండి. ఆవిడ లెక్క రాసుకుంటానన్నది. ఈ ఇంట్లో లెక్కలు రాసే పని ఇప్పుడు ఆమెది.